ముగ్గు వెంట మిషన్

ఎనిమిదో తరగతి లీడరును బడిలో అందరూ ఇంజనీరమ్మ అంటారు. టిఫిన్ డబ్బా తెరవాలన్నా ముందు కాగితం మీద ప్లాను గీస్తుంది మరి! ఆ శనివారం పొద్దున్నే బడి వెనక ఖాళీ జాగాలో తోట కోసం సున్నంతో ముగ్గు పోసింది: ఆరు పొడుగు మడులు, నడుమ ఓ గుండ్రటి మడి. మూలన నిలిపిన హెడ్‌మిస్ట్రెస్ కారును తీయమనే ధైర్యం లేక, దాని చుట్టూ కూడా గీత గీసి మర్యాదగా వదిలేసింది.

మేడమ్ షరతు ఒకటే. "పన్నెండులోపు మడులన్నీ తవ్వితే తోట మీది. లేదంటే తవ్వే మిషన్ వచ్చి కార్ల షెడ్డుకు పునాది తీస్తుంది."

నేల మహా మొండిది. పిల్లలంతా అరచేతులు బొబ్బలెక్కేలా గునపాలు వేస్తే, పన్నెండింటికి కుక్కపిల్ల పడుకునేంత గొయ్యి తేలింది. ఇంజనీరమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

మేడమ్ పిల్లలను తన గదికి పిలిచి, కిటికీకి వీపు పెట్టి కూర్చుని, మిషన్ డ్రైవరుకు ఫోన్ చేశారు. "మేస్త్రీ ముగ్గు పోసే ఉంటాడు. దాని వెంటే తవ్వెయ్ బాబూ." ఆ మేస్త్రీ ఇంకా ఇల్లే కదలలేదని ఆవిడకు తెలియదు.

తర్వాత ఉపన్యాసం అందుకున్నారు. "చూశారా, పనంటే కాగితం మీద గీతలు కాదు..."

కిటికీ అవతల మిషన్ మొదటి మడిని చకచకా తవ్విపారేసింది. ఇంజనీరమ్మ నోరు తెరిచి, వెంటనే మూసుకుంది. నాలుగో మడి మొదలయ్యేసరికి ఉపన్యాసం ముగింపుకొచ్చింది.

"మేడమ్, క్రమశిక్షణ గురించి కూడా చెప్పండి మేడమ్!" అంది ఇంజనీరమ్మ ప్రాధేయపడుతూ.

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆవిడను అలా అడిగినవాళ్లు లేరు. ఉబ్బితబ్బిబ్బై క్రమశిక్షణ, సమయపాలన, చేతిరాత, గోళ్ల శుభ్రత అన్నీ చెప్పారు. పిల్లలు కిటికీలోంచి చూపు తిప్పకుండా తలలూపారు. చప్పుడు మరీ దగ్గరయ్యాక మేడమ్ వెనక్కి తిరిగారు. కారు చుట్టూ మోకాలిలోతు కందకం!

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తారు. "ఏమయ్యా, గుండ్రటి పునాది ఎక్కడైనా ఉంటుందా?"

"ముగ్గు వెంటే తవ్వమన్నారు కదమ్మా! షోకుగా కట్టించుకుంటున్నారనుకున్నా."

"పూడ్చెయ్! షెడ్డు ఇక్కడే లేవాలి!"

"పూడుస్తా. కానీ ఇంతలా కదిలిన మట్టిలో స్తంభం ఇప్పట్లో నిలవదమ్మా. మొక్కలైతే భేషుగ్గా నిలుస్తాయి."

మేడమ్ గోతుల వంక చూశారు, కారు వంక చూశారు, వెనకే పరుగెత్తుకొచ్చిన పిల్లల వంక చూశారు. "సరే, ఏడవండి. తోటే వేసుకోండి!"

పిల్లల కేకలకు మిషన్ చప్పుడు వినపడలేదు. బొబ్బల చేతులతోనే ఇంజనీరమ్మ మొదటి మొక్క నాటింది. ఇంతకంటే సంతోషం తనకెప్పుడూ కలగలేదు.

కారు చుట్టూ పూడ్చేది సోమవారమేనని చెప్పి డ్రైవరు వెళ్లిపోయాడు. సాయంత్రం మేడమ్ బస్సెక్కి, బడిలో తోట వేయించాలన్నది మొదటినుంచీ తన కలేనని పక్క సీటావిడతో చెప్పారట.