జపాను వాళ్లకి కట్టడం చేతకాదు

జపాను వాళ్లకి మనిషిని తాడుతో కట్టడం చేతకాదు. ఊరికే అనడం లేదు, వాళ్ల పాఠం మొత్తం చూసే అంటున్నాను.

నాకు తెలిసిన ముడులన్నీ మా గేదె విప్పేసుకుంటోందని, కొత్త ముడి చెప్పమని ఫోన్‌ని నోటితో అడిగాను. చదువు తక్కువగానీ నోటికేం తక్కువ? అది గేదెని వదిలేసి మనుషుల్ని కట్టే క్లాసు చూపించింది! షిబారి అట, జపాను వాళ్ల విద్య. భార్యాభర్తలు సరసానికి నేర్చుకుంటారట. హైదరాబాదు అమ్మాయొకతె, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని తెలుగులోనే చెబుతోంది. ముసలిదానివి నీకెందుకంటారా? ఏడుగుర్ని కన్నదాన్ని, నాకు సిగ్గేమిటి!

కట్టేవాళ్లని రిగ్గర్ అంటారు. కట్టించుకునేవాళ్లని బన్నీ అంటారు, అంటే కుందేలు. బాగానే ఉంది. ఆ రిగ్గర్ తాడు చేతబట్టుకుని ముందు ఏం చేస్తాడనుకున్నారు? కూర్చుని కుందేలుతో మాట్లాడతాడు! ఎక్కడ కట్టమంటావు, ఎక్కడ వద్దు, భుజం నొప్పేమైనా ఉందా? దీని పేరు నెగోషియేషన్. ఇంత పిరికితనం ఎక్కడైనా ఉందా? నా పెళ్లప్పుడు కొబ్బరిపీచు దంచుతున్నదాన్ని పిలిచి కాళ్లు కడుక్కోమన్నారు. నెగోషియేషనంతా మా నాన్నకీ మామగారికీ జరిగింది. నేను కాఫీలిచ్చాను.

మొదటి పాఠం సింగిల్ కాలమ్. ఒక్క మణికట్టుకి వేసే కట్టు. చుట్టాక తాడుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలట! పక్కనే కత్తెర ఉండాలట! చెయ్యి తిమ్మిరెక్కితే తాడు కోసి పారేస్తారు. పీచు నానబెట్టి, ఎండబెట్టి, అరచేతులు బొబ్బలెక్కేలా పేనిన తాడండీ! మనమైతే తాడు చెడకుండా చూసుకుంటాం. చేతిదేముంది?

సేఫ్‌వర్డ్ ఇంకా వింత. ముందే ఒక మాట అనుకుంటారు. కుందేలు ఆ మాట అనగానే కట్టడం ఆగిపోవాలి. ఎందుకని అడక్కూడదు, అలక్కూడదు, మీ మావయ్య ఏమనుకుంటాడో అనకూడదు! విప్పాక దుప్పటి కప్పి, మంచినీళ్లిచ్చి, ఎలా ఉందని అడగాలి. అది ఆఫ్టర్‌కేర్. కట్టడం తక్కువ, కుశలప్రశ్నలు ఎక్కువ!

వాళ్లొకసారి రాజోలు వచ్చి మా అబ్బాయి వరప్రసాదాన్ని చూడాలి. మావాడు హెడ్మాస్టరు. కూతురు షైనీకి అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం. కాట్రేనికోన సంబంధం ఖాయం చేసి, ఆ తరవాత పిల్లకి చెప్పాడు.

"నాకొద్దు నాన్నగారూ," అంది షైనీ.

"ఆయ్, మొదట్లో అందరూ అలాగే అంటారమ్మా. రొయ్యల చెరువులున్న కుటుంబం. మాటిచ్చేసేను."

"నన్నడిగేరా?"

"నిన్నడగడమేంటి, నీకేం తెలుసునని?"

చూశారా పనితనం! రెండు వేళ్లేమిటి, గాలి కూడా దూరదు. పిల్ల ఇడ్లీ తింటూ వద్దంది, బస్సెక్కుతూ వద్దంది, ఏడ్చి వద్దంది. మావాడి చెయ్యి కాస్తయినా వణికితే ఒట్టు!

మా సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో జంట పేర్లు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. ఊరందరినీ అడుగుతారన్నమాట! పెళ్లికూతురొక్కత్తినీ తప్ప. రెండు ఆదివారాలు ఎవరూ నోరెత్తలేదు. మూడో ఆదివారం నేను లేచాను.

"అభ్యంతరం ఉందండీ అయ్యగారూ."

పాస్టరుగారు కళ్లజోడు తీశారు. "మీకాండీ మామ్మగారూ?"

"నాకెందుకుంటుందండీ, నేను చేసుకుంటున్నానా? అదిగో, మా షైనీ. దాన్నడగండి."

అడిగారు. పిల్ల లేచి నిలబడింది. "నాకిష్టం లేదండీ," అంది. పాస్టరుగారు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక, "పరువు తీసేసేవమ్మా!" అని అరిచి, మావాడు హాల్లో ఫోను పట్టుకున్నాడు. నేను వంటింట్లో కంచం ముందు కూర్చున్నాను. వడ్డిస్తున్నది మా కోడలు సుందరి. ముప్పై ఏళ్ల కాపురంలో మావాడి మాటకి అడ్డు చెప్పి ఎరగదు. నా కంచంలో కొరమీను ముక్క వేసి, గరిట పట్టుకుని అలాగే నిలబడింది.

"మా పేర్లు చదివిన రోజున, మా అమ్మమ్మగారు కూడా ముందు బల్లమీదే కూర్చున్నారండీ అత్తయ్యగారూ. లేవలేదు," అంది నెమ్మదిగా.

హాల్లో మావాడు ఇంకా క్షమాపణలు చెబుతూనే ఉన్నాడు. పెళ్లికొడుకు వాళ్లకి!