మేబుల్ తోకలో ఏముంది

ఆ శనివారం పొద్దున ట్రాంటర్ దంపతులు వేసుకున్న పథకం చాలా చిన్నది. తీరిగ్గా టిఫిన్ తిని, మేబుల్ ఎక్కి, ఊళ్ల కూరగాయల ప్రదర్శనకు వెళ్లి రావడం. మేబుల్ మనిషి కాదు, మూడు చక్రాల కారు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకే ఒక్కటి. పైన కప్పు లేదు. విల్ఫ్రెడ్ ట్రాంటర్ తండ్రి కొన్నది. విల్ఫ్రెడ్ పియానోలు శ్రుతి చేస్తూ జీవితమంతా గడిపినవాడు. ఇంజను సంగతి అందరూ చెవితో వింటే అతను కూర్చున్న చోటుతో వింటాడని మూడు చక్రాల కార్ల క్లబ్బులో గౌరవంగా చెప్పుకుంటారు.

అతని భార్య హిల్డా దగ్గర మాత్రం ఇంకో పథకం ఉంది. మాల్వెర్న్ కొండల కింద ఊళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పోటీకి పెంచిన కాయను తీర్పు బల్ల మీద పెట్టేదాకా పరాయి కన్ను చూడకూడదు. కిందటేడు విల్ఫ్రెడ్ పబ్బులో రెండు చేతులూ చాచి, "మా ఆవిడ మారో కాయ ఇంత ఉంది" అని ముచ్చటగా చూపించాడు. మారో అంటే గుమ్మడి జాతి చారల కాయ. పక్క బల్ల దగ్గర పెర్సీ హాడ్నెట్ ఉన్నాడు. ఏటా వెండి కప్పు ఎగరేసుకుపోయేది అతనే. ఆ చేతుల మధ్య దూరాన్ని కళ్లతోనే కొలుచుకుని, ఇంటికెళ్లి తన కాయకు ఏం పోశాడో గానీ, పిసరంత తేడాతో మళ్లీ గెలిచాడు.

అందుకే ఈ ఏడాది ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. విల్ఫ్రెడ్ కళ్లద్దాలు తుడుచుకుంటుండగా, సొరకాయంత పొడుగూ గుమ్మడికాయంత లావూ ఉన్న ఆ చారల కాయను దుప్పట్లో చుట్టి, వెనక చక్రం పైన తోకలా పొడుచుకొచ్చిన అరలో పెట్టి మూత వేసింది.

"తోకలో ఏం పెట్టావు?"

"దుప్పటి. గడ్డి మీద కూర్చోవద్దూ?"

అది అబద్ధం కాదు. దుప్పటి కూడా ఉంది.

ఊరు దాటి వేగం యాభై మైళ్లకు చేరగానే విల్ఫ్రెడ్ మొహం మారింది. మలుపులో తోక ఒక పక్కకు ఊగి, కాసేపు ఆలోచించుకుని వెనక్కి వచ్చింది. తిన్నని దారిలో నడుము కింద ఎవరో మర్యాదగా తలుపు తట్టినట్టు అనిపించింది.

"నీకు తెలిసిందా?"

"ఏం తెలియాలి?"

"వెనకాల. తడుతోంది. పోయిన వారమే అనుమానం వచ్చింది, ఇవాళ ఖాయం."

"దారి బాగాలేదు. నువ్వు పోనీ. పన్నెండు దాటితే లోపలికి రానివ్వరు."

"టీ గుడారంలోకి ఎప్పుడైనా రానిస్తారు," అని విల్ఫ్రెడ్ పబ్బు పెరట్లోకి తిప్పేశాడు. శనివారం కదా, మూడు చక్రాల క్లబ్బు అక్కడే ఉంటుంది.

ఉన్నది ఇద్దరే. గోర్డన్ యాప్ ఒకడు. రెండోవాడు పెర్సీ హాడ్నెట్. తన కాయను పొద్దున్నే బల్ల మీద పెట్టి, గుడ్డ కప్పి వచ్చి, గెలిచినవాడిలాగే కూర్చున్నాడు. అతన్ని చూడగానే హిల్డా నోటికి తాళం పడింది. ఇప్పుడు నిజం చెబితే దుప్పటి విప్పాలి. విప్పితే పెర్సీ చూస్తాడు. అతను చూసిన కాయ ఇంతవరకూ గెలవలేదు.

"టైర్లో గాలి ఎక్కువైంది," అన్నాడు యాప్, విషయం పూర్తిగా వినకముందే. గాలి తీశారు. విల్ఫ్రెడ్ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఇప్పుడు తట్టడంతోపాటు తూగడం కూడా మొదలైందన్నాడు. గాలి మళ్లీ కొట్టారు.

"అయితే బేరింగే," అన్నాడు యాప్, ఏమాత్రం బెదరకుండా. జాకీ వచ్చింది. చక్రం ఊడింది. నిజం చెప్పాలంటే ఆ ముగ్గురు ముసలాళ్లు పని చేస్తుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. ఒకడు చెయ్యి చాపితే రెండోవాడు అడక్కుండానే సరైన స్పానర్ అందిస్తాడు. పని మాత్రం అవసరం లేనిది. హిల్డా చర్చి గడియారం వైపు చూసింది. పన్నెండు దాటితే పోటీకి కాయలు తీసుకోరు. త్వరగా కానివ్వండి అంటే సరిపోయేది. కానీ సాయం చేస్తున్నవాళ్లను తొందరపెట్టడం ఆ ఊళ్లలో కొట్టడంతో సమానం.

"బేరింగు బంగారంలా ఉంది," అన్నాడు పెర్సీ. "స్ప్రింగును పైనుంచి చూడాలి. ఆ తోక మూత తియ్యి, విల్ఫ్."

హిల్డా వెళ్లి మూత మీద కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు విల్ఫ్రెడ్.

"కళ్లు తిరుగుతున్నాయి."

అంతే, ముగ్గురూ స్పానర్లు వదిలేసి లోపలికి పరుగెత్తారు. ఒకరు కుర్చీ తెచ్చారు, ఒకరు టీ తెచ్చారు, ఒకరు బిస్కెట్లు తెచ్చారు.

"కుర్చీలో కూర్చోండి హిల్డా గారూ, హాయిగా ఉంటుంది," అన్నాడు యాప్.

"ఇక్కడే గాలి బాగా తగులుతోంది."

"చక్రం లేని బండి మీద ప్రమాదం కదా."

"అయితే చక్రం పెట్టండి."

చక్రం పెట్టారు. ఆమె టీ పూర్తి చేసింది. పూర్తయిందని రెండోది పోశారు. కాదనడానికి వీల్లేదు. పన్నెండుకు ఇంక ఎంతో సేపు లేదు. ఏడాదంతా నత్తల నుంచి, ఎండ నుంచి, పెళ్లాడినవాడి నోటి నుంచి కాపాడుకున్న కాయ తన కిందే చెక్క పెట్టెలో మిగిలిపోతుందేమోనని హిల్డాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు పెర్సీ చేతులు తుడుచుకుని అన్నాడు. "షాక్ అబ్జార్బరే. నేనోసారి నడిపి చూస్తే తేలిపోతుంది. పక్కన ఎవరైనా బరువుకు కూర్చుంటే చాలు."

హిల్డా పద్దెనిమిదేళ్ల పిల్లలా మూత మీంచి దూకింది. "నేనొస్తాను."

"కళ్లు తిరుగుతున్నాయన్నారు?"

"వేగంగా పోతే తగ్గుతుంది. ప్రదర్శన మైదానం దారి తిన్నగా ఉంటుంది, అటు పోనివ్వండి."

పెర్సీ నడుపుతుంటే హిల్డాకు ఒళ్లు మండాలి, ముచ్చటేసింది. మేబుల్‌ను అతను పరాయి ఇంటి పింగాణీ పళ్లెంలా చూసుకుంటూనే అరవై దాటించాడు. టోపీ పట్టుకుని ఆమె గట్టిగా నవ్వేసింది.

"విన్నారా?" అన్నాడతను గాల్లో అరుస్తూ. "ఎడమ మలుపులో ఒకసారి, కుడి మలుపులో రెండుసార్లు. లోపల పంది పిల్ల పడుకుని పక్కకు దొర్లుతున్నట్టుంది. పాపం విల్ఫ్, సరిగ్గానే కనిపెట్టాడు."

ఇంత మంచివాణ్ని మోసం చేస్తున్నందుకు ఆమెకు సిగ్గేసింది. అయినా ఆపమనలేదు.

గుడారం ముందు దారి మూసేందుకు తాడు కడుతున్నారు. హిల్డా దిగి, మూత తీసి, దుప్పటి విప్పింది. పెర్సీ ఆ కాయను చాలాసేపు చూశాడు. ఒక చివర నుంచి రెండో చివరకు, మళ్లీ మొదటి చివరకు. ఆ తర్వాత టోపీ తీశాడు.

"ఒక కొస నేను పట్టుకోనా?" అన్నాడు. "ఒక్కరే మోస్తే తొడిమ విరుగుతుంది."

ఇద్దరూ కలిసి మోసుకెళ్లి బల్ల మీద, అతని కాయ పక్కనే పెట్టారు. తూకం వేసే పెద్దమనిషి రెండుసార్లు తూచాడు. మొదటిసారి నమ్మలేదు కాబట్టి.

యాప్ బండిలో విల్ఫ్రెడ్ వచ్చేసరికి వెండి కప్పు హిల్డా చేతిలో ఉంది. జరిగిందంతా విన్నాడు. తనకు చెప్పలేదని అలగలేదు. ఎందుకు చెప్పలేదో అతనికి తెలుసు.

"అంటే మేబుల్‌కు ఏమీ కాలేదన్నమాట," అన్నాడు, కప్పు తనకే వచ్చినంత సంతోషంగా.

"షాక్ అబ్జార్బరేనని పందెం కాసేవాణ్ని," అన్నాడు పెర్సీ హిల్డా చెయ్యి ఊపుతూ. "ఇంత బాగా పండిన షాక్ అబ్జార్బరు నా జన్మలో చూడలేదు."

సాయంత్రం, కాయను జనం చూడ్డానికి బల్ల మీదే వదిలి, ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. తోకలో దుప్పటి ఒక్కటే ఉంది. విల్ఫ్రెడ్ ఈల వేస్తూ యాభైకి పెంచాడు. మలుపు వచ్చింది. తోక ఒక పక్కకు ఊగి, కాసేపు ఆలోచించుకుని వెనక్కి వచ్చింది. నడుము కింద ఎవరో మర్యాదగా తట్టారు.

ఈల ఆగిపోయింది. విల్ఫ్రెడ్ నెమ్మదిగా పెళ్లాం వైపు తిరిగాడు.

"అది కప్పు చప్పుడులే," అంది హిల్డా.

వెండి కప్పు ఆమె ఒళ్లోనే ఉంది.