ఎనిమిది గుమ్మాల హాలు

ముందు స్వాగతం, తర్వాత హాలు చరిత్ర మీద ప్రసంగం, ఆపైన ఉప్మా. ఆ ఉదయానికి తన్మయి వేసుకున్న ప్లాను ఇంతే. చీపురుపల్లి దగ్గరి గుండ్రటి ఎగ్జిబిషన్ హాల్లో ఆమె కొత్త గైడు. చూడ్డానికి వస్తున్న పెద్ద అధికారి జగదీశ్వరి మెచ్చుకుంటే ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఇంటికే.

వందేళ్ళ కిందట ఆ హాలు కట్టించిన జమీందారు ఎనిమిది గుమ్మాలు పెట్టించాడు, అన్నీ ఒక్కలాగే. పంటల ప్రదర్శనకొచ్చే ఎనిమిది ఊళ్ళ పెద్దలూ ముందు నేనంటే నేనని కొట్టుకోకుండా. పాపం, కార్ల గురించి ఆలోచించలేదు.

కమిటీ ప్రెసిడెంటు లక్ష్మీనరసింహం దండతో, సన్నాయి మేళంతో తూర్పు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కారు పడమట ఆగింది.

"మేడమ్ అటేపు దిగీసినారు బాబూ!" వాచ్‌మన్ సోములు అరిచాడు.

"ఏటి సూస్తన్నారు? పదండర్రా!" ప్రెసిడెంటు కేకేశాడు.

రిబ్బను కత్తిరించేదాకా తలుపులు తెరవకూడదు. అందుకని అందరూ వరండా చుట్టూ పరుగెత్తారు. పడమట ఎవరూ లేరు. జగదీశ్వరి వీళ్ళను వెతుక్కుంటూ అవతలి వంపులోంచి తూర్పుకి వెళ్ళింది.

"వెనక్కి తిరుగుదాం సార్!" అంది తన్మయి.

సన్నాయి వాయించే రాముడు ఆగిపోయాడు. "అపదక్షిణమా? మంగళవాద్దెంతోనా? ఇల్లు సేరతామేటమ్మా?"

దాంతో మళ్ళీ ముందుకే. వీళ్ళు తూర్పుకి చేరేసరికి ఆమె మళ్ళీ పడమట. బీటెక్ చదివిన తన్మయికి ఇది ఆగని లూపని అర్థమైంది. ఆపే బటనే కనిపించలేదు.

రెండో చుట్టులో జీళ్ళమ్మే బుల్లమ్మ లేచి నిలబడింది. "ఒసే కోడలా, పదక్షిణమట! సెప్పులిప్పీ!"

"ఏ దేవుడికే అత్తా?"

"తిరిగినాక అడుగుదుం, నడు!"

జనం వెంటపడ్డారు. "అడ్డు తప్పుకోండమ్మా!" ప్రెసిడెంటు మొత్తుకున్నాడు.

"పున్నెం నీకొక్కడికేనేటి?" అంటూ బుల్లమ్మ అతన్నే దాటేసింది.

మూడో చుట్టుకి వరండా నిండిపోయింది. ఎదురుగా ఊరేగింపు తోక కనబడగానే జగదీశ్వరి కూడా చెప్పులు విప్పి అందులో కలిసింది. ప్రెసిడెంటు రొప్పుతూ వెనకనుంచి వచ్చి ఆమె మెడలో దండ వేశాడు.

"ఇదంతా ఎవరి పని?" ఆమె వెనక్కి తిరిగింది.

"ఈ పిల్లదేనండీ!" ప్రెసిడెంటు వేలు వెంటనే తన్మయి వైపు లేచింది.

తన్మయికి ఉద్యోగం పోయిన దృశ్యం కళ్ళకు కట్టింది.

"అద్భుతం!" అంది జగదీశ్వరి. "ఎక్కడికెళ్ళినా నన్ను నేరుగా కుర్చీలో కూర్చోబెట్టేస్తారు. మొదటిసారిగా ప్రతి స్తంభం, ప్రతి కమాను చూపించింది మీరే. ఈ అమ్మాయిని వదులుకోకండి."

"అదే కదండీ, ఆలోచన ఇద్దరం కలిసే చేశాం," అన్నాడు ప్రెసిడెంటు.

ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు జనం రోజూ వస్తున్నారు, చెప్పులు విప్పి మూడు చుట్లు తిరిగి దణ్ణం పెట్టుకుంటున్నారు. లోపలికి మాత్రం ఒక్కరూ రావడం లేదు.