ఇంజెక్షను చుట్టరికం

మంగళవారం పొద్దున బసవేశ్వరరావు పెట్టుకున్నవి రెండే పనులు. భట్టిప్రోలులో ఏడున్నర బస్సెక్కి తెనాలి వెళ్లి కీళ్లవాతానికి మూడో ఇంజెక్షను చేయించుకోవడం, వచ్చేటప్పుడు ధాన్యం కొట్టులోకి ఎలుకల బోను తేవడం. రెండేళ్లుగా వేళ్లు వాచి వంగక, పదెకరాల ఆసామి అయ్యుండీ పప్పన్నం చెంచాతో తింటున్నాడు. రెండు ఇంజెక్షన్లకే పిడికిలి బిగిసింది. మొన్న ఆదివారం గోంగూర అన్నం తన చేత్తోనే కలుపుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగితే ఆ నేరం పచ్చిమిర్చి మీదికి నెట్టేశాడు.

క్లినిక్కులో పక్క కుర్చీలో సూర్యలంక నుంచి వచ్చిన ముత్యాలరావు కూర్చున్నాడు. సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. అతనిదీ అదే జబ్బు, అదే మందు. బసవేశ్వరరావు ఊరికే కూర్చోలేక నర్సు రాధారాణిని పిలిచాడు.

"అమ్మాయ్, ఇంతకీ ఆ సీసాలో ఏముంటది?"

"యాంటీబాడీ అండి. మనిషి ఒంట్లో రోగాలతో పోట్లాడేది ఉంటది కదండీ, అచ్చం అలాంటిదే. కీళ్లలో వాపు పుట్టించేదాన్ని పట్టుకుని ఆపేస్తది. లక్ష సీసాలు తీసినా అన్నిటికీ మూలం ఒకటేనండి."

"మనిషిదా? ఏ మనిషిది?"

రాధారాణి కోసం అవతల ఆరుగురు ఎదురుచూస్తున్నారు. "ఎవరో ఒకరిదై ఉంటదిలెండి," అనేసి వెళ్లిపోయింది.

బసవేశ్వరరావుకు ఒళ్లు మండిపోయింది. పాలేరును పెట్టుకోవాలన్నా ఊరూ పేరూ విచారించే వంశం. అలాంటి ఒంట్లోకి రెండు సీసాలు ఎక్కించేసి, ఎవరిదో తెలియదంటారా?

ముత్యాలరావు మాత్రం సంబరంగా దగ్గరికి జరిగాడు. "అంటే మనిద్దరి ఒంట్లో ఒకడి సరుకే ఉందన్నమాట అన్నయ్య గారూ."

"ఎవరయ్యా నీకు అన్నయ్య?"

"నాకన్నా పెద్దోరు కదండీ. తమ్ముడంటే బాగోదు."

ఆ మనిషి ఇంటిపేరు, ఊరు, అలవాట్లు రాసిచ్చేదాకా సూది ముట్టనని కాగితం రాసి బల్ల మీద పడేసి, బసవేశ్వరరావు ఇంటికి వచ్చేశాడు. ఆ కోపంలో బోను సంగతే మర్చిపోయాడు.

ఆదివారం ముత్యాలరావు భార్య పేరమ్మతో, చందువా చేపల బుట్టతో భట్టిప్రోలులో దిగాడు. వీధి మొదటి నుంచి "మా అన్నయ్య బసవేశ్వరరావు గారిల్లు ఏదండి" అని అడుగుతూ వచ్చాడు. సాయంత్రానికల్లా బసవేశ్వరరావు తండ్రికి సూర్యలంకలో చిన్నిల్లు ఉండేదని ఊరంతా తేల్చేసింది. మర్నాడు రేపల్లె నుంచి మేనత్త సరోజిని ఆటోలో వచ్చి, గోడ మీది అన్నగారి ఫొటోను గంటసేపు తిట్టిపోసి వెళ్లింది. బసవేశ్వరరావు భార్య శేషారత్నం మామగారి ఫొటోకు దండ మార్చడం మానేసింది. ఇంజెక్షను సంగతి చెప్పి ఒప్పించబోయిన బసవేశ్వరరావును చూసి, తండ్రి పరువు కోసం పాపం కొడుకు ఎంత కథ అల్లుతున్నాడో అని జనం జాలిపడ్డారు.

ఈ గొడవలో మూడు వారాలు గడిచాయి. వేళ్లు మళ్లీ వాచాయి, కంచంలోకి చెంచా మళ్లీ వచ్చింది.

"పంతం మీది, అన్నం కలిపే పని నాది. పదండి తెనాలి," అంది శేషారత్నం.

క్లినిక్కులో ముత్యాలరావు శుభ్రంగా పిడికిలి బిగించి చూపిస్తూ ఎదురయ్యాడు. డాక్టర్ హిమబిందు కాగితం చదివి, ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఇది ఎవరి రక్తమూ కాదండి. నమూనా మనిషిదే గానీ, మందును తయారుచేసేది ల్యాబులో పెంచే కణాలు. ఎప్పుడో ఒక చిట్టెలుక నుంచి తీసిన కణాల సంతానం అవి."

"ఎలుకా?"

"అలాంటిదేనండి. మీరడిగిన మూలం అదే."

ముత్యాలరావు ముఖం చిన్నబోయింది. "అయితే మనకేం చుట్టరికం లేనట్టే కదండీ," అంటూ లేచాడు.

వంశం ఎలుక దాకా వచ్చేసరికి బసవేశ్వరరావు గబుక్కున లేచాడు. వంగని వేళ్లతోనే అతని చొక్కా పట్టుకుని ఆపాడు.

"కూర్చో తమ్ముడూ. డాక్టర్లు సవాలక్ష చెప్తారు. మనిద్దరిదీ మనిషి సరుకే." ఆ మాట అంటూనే చొక్కా చెయ్యి పైకి మడిచి, సూదికి జబ్బ చూపించాడు.

తిరుగు బస్సు ఎక్కబోతూ శేషారత్నం ఎలుకల బోను గుర్తుచేస్తే, ఈ ఏడాదికి వద్దులే అన్నాడు.