అర్ధ గ్యారేజీ సంరక్షణార్థము లింగ్‌కాడ్ సంగ్రామము

పసిఫిక్ మహాసముద్రము పొగమంచు దుప్పటిని గడ్డము దాక లాగుకొని, లేతునా వలదా యని పొర్లుచున్న ఒకానొక ఆగస్టు ప్రాతఃకాలమున, మెండొసీనో తీరమందలి గూస్‌నెక్ అఖాతపు గులకరాళ్లపై, నల్లని రబ్బరు కవచధారియు, విశాలోదరుడును, యౌవనమంతయు స్కూలు బస్సుల ఇంజనులను లొంగదీసి పదవీవిరమణ గావించిన వీరుడును నగు ఆర్విల్ టాండ్‌బెర్గ్ తన పచ్చని కయాకు పడవ ప్రక్కన నిలిచి, సముద్రమును కన్నెఱ్ఱజేసి చూచెను. సముద్రము ఆయనను చూడలేదు. దాని పనులు దానికున్నవి.

కాఫీ కప్పులు క్రింద బెట్టి వినుడు, అయ్యలారా, అమ్మలారా! ఈ యుద్ధము రాజ్యము కొఱకు కాదు, రత్నసింహాసనము కొఱకు కాదు. ఒక గ్యారేజీలో సగము కొఱకు. ఆ సగమున ఆర్విల్ కయాకు పండుకొనును. తత్కారణమున ఆయన ధర్మపత్ని గ్రెచెన్ కారు బయట ఉప్పుగాలికి తుప్పు పట్టుచున్నది. ఇంత చోటును ఆక్రమించిన ఆ పడవ యేమైన ఘనకార్యము చేసెనా యనిన, అదియును లేదు. వేసవి వెంట వేసవి లింగ్‌కాడ్ అను చేప వేటకు బయలుదేరుటయు, సాయంకాలమునకు ఒక ముద్ద నాచుతో ఇంటికి చేరుటయు దాని నిత్యకృత్యము. కడకు ఆ ముందటి దినమున ఆ సాధ్వి స్ట్రాబెర్రీ నారు ట్రే యొకటి కొని తెచ్చి, కయాకు ప్రక్కన దించి, చేతులు దులుపుకొనుచు తీర్పు చెప్పెను.

“చూడు ఆర్విల్, నేను గొడవ పడటం లేదు. రేపు చట్టం ఒప్పుకునే సైజులో ఒక్క లింగ్‌కాడ్ తెచ్చావా, పడవ నీది, చోటు నీది, మళ్లీ నోరెత్తను. తేలేదా, ఎల్లుండి ఇందులో మట్టి పోసి ఇవి నాటేస్తా. పొడుగ్గా ఉంది, చక్కగా సరిపోతుంది.”

“దానికి అడుగున అలల నీళ్లు కారిపోయే బెజ్జాలున్నాయి కదా గ్రెచెన్,” అని మహావీరుడు హీనస్వరమున మనవి చేసికొనెను.

“అందుకేగా. నీళ్లు నిలవవు.”

ఆ రాత్రి ఆర్విల్‌కు కునుకు పట్టలేదు. పాపము, ఆ పడవ యనిన ఆయనకు ప్రాణము. పెండ్లాముతో చెప్పుకొన సిగ్గుపడెను గాని, దానిలో మట్టి పోయుటను తలచుకొన్నప్పుడెల్ల లేచి గ్యారేజీకి పోయి దానిని తడిమి వచ్చెను.

ఇక ఆ నౌకారాజమును గూర్చి చెప్పవలెను. గత శరత్కాలమున ఒక కెరటము దానిని బోర్లద్రోసి, గాలపు కఱ్ఱను, పటకారును, మధ్యాహ్నపు భోజనమును, ఎడమకాలి బూటును ఒక్క గ్రుక్కలో మ్రింగెను. అంతట క్రోధారుణనేత్రుడై ఆర్విల్, “ఇక నా వస్తువు గుండుసూదియైనను సముద్రము తినజాలదు” అని శపథము పట్టి, హేమంతమెల్ల గ్యారేజీలో తపస్సు చేసెను. కఱ్ఱలు నిలుపుటకు గొట్టములు బిగించెను. నీటి లోతును చేపల జాడను చూపు యంత్రమును ముందు నాటెను. పాలసీసాల పెట్టె నొకదానిని ఆసనము వెనుక నెలకొల్పెను. పిదప సమస్త సామగ్రికిని, తెడ్డు మొదలు శాండ్‌విచ్ డబ్బా దాక, ఒక్కొక్క తాడు కట్టి పడవకు బంధించెను. చేపను నీటినుండి ఎత్తు చేతివలను వెనుకనున్న పెట్టెకు కట్టెను. చిక్కుపడకుండ తాడు పొట్టిగా కోసి, ముడి వేసి, ఆ ముడిని చూచి తానే మురిసెను. ఆ కొలత వేయునాటికి పడవ గ్యారేజీలో నున్నది, చేప లేదు. ఈ సంగతి కొంచెము జ్ఞాపకముంచుకొనుడు.

సాక్షిగా గ్రెచెన్ నియమించిన లూపె అరియోలా, ఊరి దంతవైద్యుని వద్ద రోగుల పండ్లు శుభ్రము చేయు పొరుగింటి యిల్లాలు, తన ఎఱ్ఱ కయాకులో కూర్చుండి ఆ రజ్జుజాలమును తేఱిపాఱ జూచెను.

“ఇది పడవా, పోస్టులో పంపే పార్సిలా?”

“తిరగబడ్డా ఒక్కటీ పోదు,” అని ఆర్విల్ గర్వించెను.

“బాగుంది. మరి నిన్ను దేనికి కట్టుకున్నావు?”

ఆర్విల్ రహస్యముగా నడుము తడిమి చూచుకొనెను.

అంత తరంగతాడనధ్వానబధిరీకృతదిగంతరమగు అఖాతముఖమును తెడ్లతో చీల్చుకొని, చలికి పండ్లు కటకటలాడ, ఇరువురును నాచుమొక్కలు నీటిపై తలలార్చుచున్న తావు చేరిరి. ఆ తీరవాసుల రివాజు చొప్పున ఒక లావుపాటి నాచుకాడను పడవకు చుట్టి, అదియే లంగరుగా నిలిచిరి. ఆర్విల్ సీసపు ఎర నొకదానిని పాతాళమునకు విడిచెను. క్రింద రాళ్ల సందులలో, బకెట్టువంటి నోరును, నోటినిండ కోరలును, కోరల నడుమ ఇంకను కోరలును గల మచ్చల దొర లింగ్‌కాడ్ పొంచియున్నాడు. అప్పుడు ఆర్విల్ హృదయము ఇట్లు గర్జించెను: “ఓరీ శిలాగహ్వరనిలయా! కరాళదంష్ట్రా! పౌరుషము గలదేని వెలికి రమ్ము, నేడు నీవో నేనో తేలిపోవలె!” నోటినుండి మాత్రము “రా నాన్నా, ఒక్కసారి రా” అని వచ్చెను.

వచ్చినది అఱచేయి వెడల్పు రాతిచేప. దాని తలను చూచి గాదు, కఱ్ఱ వణకుటను బట్టియే ఆర్విల్ తెలిసికొని నిట్టూర్చెను. నిట్టూర్చుచునే చుట్టుచుండెను. ఇంతలో, అహో, ఏమని చెప్పుదును! సగము దూరము వచ్చినంతట ఆ అల్పప్రాణి హఠాత్తుగా బండరాయి యయ్యెను. కఱ్ఱ వంగి కొన నీట మునిగెను. పడవ ముక్కు గిఱ్ఱున తిరిగెను. నాచుకాడ తాడువలె బిగిసెను. ఆర్విల్ రెండు చేతుల కఱ్ఱను బిగించి పట్టెను.

“లాగకు,” అని లూపె నిమ్మళముగా ననెను. “నీ చేపని లింగ్‌కాడ్ కరిచింది. దానికి గాలం పడలేదు, ఊరికే పట్టుకుని వేలాడుతోంది. తల నీళ్ల పైకి వచ్చిందంటే వదిలేసి పోతుంది. నీళ్లలో ఉండగానే కింద నుంచి వల పెట్టు.”

“గాలమే పడలేదా?”

“మొండితనం తప్ప దాన్ని పట్టి ఉంచింది ఏమీ లేదు. మీ ఇద్దరికీ బాగా కుదిరింది.”

మెల్లమెల్లగా, నిదురించు బిడ్డనెత్తునట్లు, ఆర్విల్ దారము చుట్టెను. పచ్చని నీటి లోతున ముందు నీడ, పిదప మచ్చలు, ఆపై రాతిచేపను అడ్డముగా కఱచి, విడువను గాక విడువను అన్నట్లున్న ఆ మహావదనము కానవచ్చెను. ఆర్విల్ కుడిచేత కఱ్ఱ పట్టి, ఎడమచేయి వెనుకకు చాచి వలను అందుకొని, ఇంద్రుడు వజ్రాయుధమును లేవనెత్తు ఠీవితో ముందుకు విసరెను.

వల రాలేదు. తాడు చాలలేదు.

మరల లాగెను. ముడి బిగిసెను. గ్యారేజీలో ఆయనకంత ఆనందమొసగిన ముడి అది! కత్తితో కోయుదమన్న, కత్తి పడవ ముక్కున నున్నది. దానికిని పొట్టి తాడే. నీటిలోని దొర కన్నొకటి పైకి తిప్పి, ఈ గృహస్థు అవస్థను చూచుచున్నట్లుండెను.

“లూపె, నీ వల ఇటు పెట్టు.”

“కుదరదు. సాక్షి చేతులు ఒళ్లో పెట్టుకోవాలంది గ్రెచెన్.”

“ఎవరూ చూడటం లేదుగా.”

“నేను చూస్తున్నాగా, నన్ను పెట్టిందే అందుకు.”

వల చేప వద్దకు రాదు. కావున చేపను వల వద్దకు కొనిపోవలె! ఈ దివ్యాలోచన తట్టినదే తడవుగా, ఆర్విల్ టాండ్‌బెర్గ్, మోకాళ్లు అరిగిన ఆ మహానుభావుడు, కఱ్ఱను కుడిచేత నిలిపియుంచి, ఆసనము మీదుగా పృష్ఠభాగమును వెనుకకు వెనుకకు జరుపుకొనుచు పాలపెట్టెపై నధిష్ఠించెను. పడవ వెనుక మునిగెను; ముక్కు మదగజము తొండమెత్తినట్లు ఆకసమునకు లేచెను. లింగ్‌కాడ్ ప్రక్కనే వచ్చుచుండెను. ఎడమచేత వలను నీట ముంచెను. క్రిందికి. ఇంకను క్రిందికి. ఒక్క ఊపున పైకి!

“పడింది, పడింది లూపె,” అని చిన్నపిల్లవానివలె కేరింత గొట్టి, సంతోషాతిశయమున లేచి నిలువబడెను. కయాకుపై లేచి నిలువబడిన వానికి ఏమగునో అదియే అయ్యెను.

పడవ బోర్లపడెను. మన వీరుడు తలక్రిందులుగా హిమజలనిధిలో మునిగి, ఉప్పునీరు గ్రక్కుచు పైకి తేలెను. ఆయన చుట్టును తెడ్డు, కఱ్ఱలు, ఫ్లాస్కు, శాండ్‌విచ్ డబ్బా, టోపీ, అన్నియు తాళ్లకొనలను తేలుచు పెండ్లి ఊరేగింపువలె వలయము గట్టినవి. ఒక్క వల మాత్రము కానరాలేదు.

“పోయింది,” అని ఆర్విల్ వణకుచు పలికెను. ఆ మాటలో స్ట్రాబెర్రీలు పూచినవి, కాచినవి. సముద్రపు నీటిలో కన్నీరు తెలియదు గాని, వచ్చినదని నేను చెప్పుచున్నాను.

“పడవ తిప్పి చూడు ముందు,” అని లూపె యనెను.

రెండు చేతులతో పడవ అంచు పట్టి, మూలుగుచు తిప్పెను. తిరిగిన పడవ వెంట పాలపెట్టెయు, పెట్టెకు అంటియున్న వలయు వెలికి వచ్చెను. తాడు పొట్టిది కదా, వల మూతి పెట్టెగోడకు అదుముకొనిపోయి, లోనివాని కెటుపోవుటకును సందు లేకపోయెను. మచ్చల దొర లోననే యున్నాడు. రాతిచేప ఇంకను వాని నోటనే యున్నది.

ఆర్విల్ బొజ్జతో సీలు జంతువువలె పడవపైకి ప్రాకి, కొలతపలకను ఒడిలో పెట్టుకొని చేపను పరుండబెట్టెను. చట్టము ఇరువదిరెండంగుళములు అడుగును. నోరు మూసి కొలువవలె. ఈ చేప నోరు మూయదు, ఎరను విడువదు.

“నోరు మూయించు లూపె, పళ్ల సంగతి నీకు తెలుసుగా.”

“మా దగ్గర అందర్నీ తెరవమంటాం. మూయించడం నాకు రాదు.”

నిరీక్షించిరి. కొంతసేపటికి, తన యంతట తానే విసుగెత్తి, లింగ్‌కాడ్ రాతిచేపను వదలి నోరు మూసికొనెను. లూపె తన పడవను ఆనించి, వంగి, ఒక కన్ను మూసి చూచెను. తోకకొన గీతను తాకియున్నది, దాటలేదు, తగ్గలేదు.

“గీత మీదుంది. గీత మీదుంటే ఉన్నట్టే. పద, నీ పెదవులు నీలంగా మారాయి.”

మధ్యాహ్నమున గ్రెచెన్ వంటగది బల్లపై, మంచుగడ్డలనుండి తీసిన చేపను శవపరీక్షాధికారివలె పరికించి, కుట్టుపెట్టెలోని టేపు తెచ్చెను. అయ్యో, మంచులో పడియున్న చేప వెండ్రుకవాసి ముడుచుకొనునని వేటగాండ్రకు తెలియును, టేపునకు తెలియదు. తోకకొనకును ఇరువదిరెండవ గీతకును నడుమ ఒక సన్నని తెల్లని సందు కానవచ్చెను. గ్రెచెన్ చూచెను. ఆర్విల్ చూచెను.

“పొద్దున గీత మీదే ఉంది,” అని లూపె తలుపు వద్దనుండి యనెను.

ఆర్విల్ చెవి వెనుక నాచుముక్కతో, ఇంకను వణకుచు, బల్ల అంచు పట్టుకొని నిలిచెను.

“నీళ్లలో పడ్డావా?” అని గ్రెచెన్ అడిగెను.

“కొంచెం.”

“దెబ్బలేమైనా తగిలాయా?”

“లేదు. వస్తువులు కూడా ఏమీ పోలేదు.”

గ్రెచెన్ ఆ ముఖమువైపు ఒక నిమిషము చూచెను. ఆ చూపులో కోపము లేదు. ఉన్నదేమిటో ఆమెయే ఎఱుగును. పిదప వంగి, టేపును సరిజేయు మిషతో తోకకొనపై తన బొటనవ్రేలు మోపెను. తెల్లని సందు ఆ వ్రేలి క్రింద మాయమయ్యెను.

“ఇరవై రెండు,” అనెను. “వెళ్లి వేడినీళ్లతో స్నానం చెయ్యి. నేను పొయ్యి వెలిగిస్తా.”

దిక్కులారా, చాటుడు! దుందుభులారా, మ్రోగుడు! సప్తసముద్రవీరులెవ్వరును సాధింపని అంగుష్ఠమాత్ర విజయమును ఆర్విల్ టాండ్‌బెర్గ్ సాధించెను. ఆ బొటనవ్రేలి వెడల్పు చోటులోనే నేటికిని పచ్చని కయాకు పండుకొనియున్నది. కారు బయట తుప్పు పట్టుచునే యున్నది.