ధ్యానంగారు చెయ్యెత్తారు

ఆ ఉదయం ధ్యానంగారు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం భోజనం వేళకల్లా ఒక ఉత్తరానికి జవాబు రాసెయ్యాలి. నీటి సరఫరా కార్యాలయానికి ఒక సంగీతం టీచరమ్మ రాసిన ఫిర్యాదు అది. "అయ్యా, మూడో అంతస్తులో ఉన్న మా వంటింటి కొళాయి రోజూ తెల్లవారుజామున మూలుగుతోంది. మూలిగితే మూలిగింది, అపశ్రుతిలో మూలుగుతోంది. నా సాధన చెడిపోతోంది" అని ఉంది అందులో. ఇలాంటి ఉత్తరం చేతికొస్తే ధ్యానంగారికి కడుపు నిండిపోతుంది.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ధ్యానంగారు అన్న పేరు ఆయన పని చేసే తీరును బట్టి వచ్చింది. ఫిర్యాదు ఒకటికి రెండుసార్లు చదువుతారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతారు. కళ్ళు మూసుకుని, ఆ ఫిర్యాదు రాసినవాళ్ళ ఇంటికి బయలుదేరతారు, మనసులోనే. వీధి మలుపు తిరుగుతారు, గేటు తీస్తారు, చెప్పులు విడుస్తారు, మెట్లెక్కుతారు, కొళాయి పక్కన నిలబడి చెవి ఒగ్గుతారు. ఊళ్ళో గొట్టాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు కనుక, పావుగంటకో అరగంటకో కళ్ళు తెరిచేసరికి లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఫిట్టర్లు ఆయన రాసిన కాగితం పట్టుకుని వెళ్ళి, ఆయన చెప్పిన చోటే తవ్వుతున్నారు. ఒక్క గుంత కూడా వృథా పోలేదు.

పాత కార్యాలయంలో ఈ ప్రయాణాలకు ఏ అడ్డూ ఉండేది కాదు. మందపాటి గోడల గది, మూల కుర్చీ, ఎవరి లోకం వారిది. పది రోజుల కిందట అందరూ కొత్త భవనంలోకి మారారు. దాన్ని కట్టిన ఆర్కిటెక్టుకి గోడలంటే గిట్టదు. గోడలు మనుషుల్ని విడదీస్తాయని ఆయన నమ్మకం. అందుకే పై అంతస్తు మొత్తాన్ని ఒకే హాలు చేశాడు. హాలు మధ్యలో అద్దాల సమావేశపు గది పెట్టాడు. దాపరికం లేని కార్యాలయం కావాలని, అద్దాల గదిలో మాట్లాడే ప్రతి మాటా పైకప్పులోని స్పీకర్ల ద్వారా హాలంతటికీ వినపడే ఏర్పాటు చేశాడు. వింటున్నవాళ్ళలో ఎవరైనా కూర్చున్నచోటే చెయ్యెత్తితే లోపలున్నవాళ్ళకి అద్దంలోంచి కనపడుతుంది. మొదటి రోజు గంటసేపు అందరూ శ్రద్ధగా విన్నారు. ఆ తరవాత ఆ స్పీకర్ల మాటలు ఎవరూ పట్టించుకోని వాన చప్పుడులా అయిపోయాయి.

ఇన్నిటిలోనూ ధ్యానంగారికి ఒక్క అదృష్టం కలిసొచ్చింది. ఆయనకి కిటికీ పక్క సీటు దక్కింది. ఎండ లోపలికి రాకుండా ఆ కిటికీలకి ముదురు నీలం అద్దం వేశారు. అందులోంచి చూస్తే ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు, వెనక నీళ్ళ ట్యాంకు, దాని అంచున ఒంటికాలి మీద నిలబడే కొంగ, అన్నీ నీటి అడుగున ఉన్నట్టు నెమ్మదిగా కదులుతాయి. ఆ నీలంలోకి ఒకసారి చూసి కళ్ళు మూసుకుంటే చాలు, ఏ వీధికైనా రెండు అడుగుల్లో చేరుకోవచ్చు. ఆ కిటికీ మీద ఆయనకి ప్రేమ పుట్టేసింది. ఈ వయసులో మళ్ళీ ప్రేమేమిటని ఆయనకే సిగ్గేసింది కూడా.

ఆ నీలం అద్దంతో మిట్టమధ్యాహ్నం కూడా లోపల మునిమాపులా ఉంటుంది కనుక లైట్లు వెలగాల్సిందే. లైట్లకి స్విచ్చులు లేవు. పైకప్పులో గుండ్రటి కళ్ళు అమర్చారు. కింద ఎవరైనా కదులుతుంటే లైట్లు వెలుగుతాయి, పది నిమిషాలు ఎవరూ కదలకపోతే ఆరిపోతాయి. ధ్యానంగారి వరుసలో ఐదుగురున్నారు. మధ్యలో స్తంభం అడ్డం రావడంతో మిగిలిన నలుగురూ ఆ కంటికి ఆనరు. వాళ్ళు ఎంత గింజుకున్నా లాభం లేదు, ధ్యానంగారు కదిలితేనే ఐదుగురికీ వెలుతురు. భవనంలో అందరికన్నా కదలని మనిషిని తెచ్చి సరిగ్గా ఆ కంటి కింద కూర్చోబెట్టారు.

"ధ్యానంగారూ, చెయ్యి!" అని కేకేసింది పక్క బల్ల దగ్గరి స్టెనో.

టీచరమ్మ ఇంటి రెండో అంతస్తు మలుపు దాకా వెళ్ళిన ధ్యానంగారు కళ్ళు తెరవకుండానే కుడిచెయ్యి పైకెత్తారు. లైట్లు వెలిగాయి. కానీ ఆ కుదుపుకి మెట్లు చెదిరిపోయాయి. మళ్ళీ గేటు దగ్గరనుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ క్షణంలో అద్దాల గదిలో పెద్ద సారు, "అగ్నిప్రమాదాల అభ్యాసానికి నాయకుడిగా ఎవరుంటారు?" అని అడుగుతున్నారు. లోపల విభాగాల అధికారులంతా తమ గోళ్ళు చూసుకుంటున్నారు. పెద్ద సారు నిస్పృహతో తలెత్తేసరికి, అద్దానికి అవతల, కళ్ళు మూసుకుని చెయ్యెత్తి కూర్చున్న మనిషి కనిపించాడు. అరగంటలో ధ్యానంగారి బల్ల మీదికి ఒక నారింజరంగు కోటు, ఒక ఈల వచ్చి పడ్డాయి.

"ఇదేమిటి తల్లీ?" అన్నారాయన స్టెనోతో.

"మీరే కదా ఒప్పుకున్నారు?"

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"ఏమో మరి, మినిట్స్ లో మీ పేరు రాయమన్నారు, రాశాను."

మర్నాడు కూడా టీచరమ్మ మెట్ల మీదే ఉండగా కేక వినపడింది, చెయ్యి లేచింది. ఈసారి లోపల అడుగుతున్నది, శుక్రవారం ఆర్కిటెక్టు వస్తున్నాడు, ఆయన సన్మానసభలో ఉపన్యాసం ఎవరిస్తారని. పుట్టి బుద్ధెరిగాక ధ్యానంగారు నలుగురిలో నోరు విప్పింది లేదు. ఇక ఊరుకుంటే లాభం లేదని పెద్ద సారుకి విషయం చెప్పడానికి లేచారు. అద్దాల గదికి తలుపు కూడా అద్దమే. ఎక్కడుందో తెలియక ముక్కుతో రెండు చోట్ల వెతికారు. దొరక్క, బయటినుంచే రెండు చేతులూ ఊపుతూ "వద్దు, వద్దు" అని సైగ చేశారు.

"చూశారా ఆ ఉత్సాహం! ఒక చెయ్యి చాలక రెండు చేతులూ ఎత్తేశారు. ఆయనకి పదిహేను నిమిషాలు ఇవ్వండి" అన్నారు పెద్ద సారు స్పీకర్లన్నిటిలోంచి.

మూడో రోజు జరిగింది మాత్రం గుండెల మీద పడింది. ఆ భవనానికి నేలకింద కూడా ఒక అంతస్తుంది. అక్కడ కూడా లైట్లకి పైకప్పులో కళ్ళే, కిటికీ అన్నది మాత్రం లేదు. మనిషికి కావలసింది కిటికీ ఉందన్న నమ్మకమే కానీ కిటికీ కాదని ఆర్కిటెక్టు సిద్ధాంతం. అందుకని గోడల నిండా ఆకాశం, మబ్బులు, వాటి మధ్య పరదాలతో సహా కిటికీల బొమ్మలు వేయించాడు. అక్కడికి ఏ ఒక్కరూ కదలడం లేదు. శుక్రవారం ఆయన వచ్చి ఖాళీ హాలు చూస్తే తలెక్కడ పెట్టుకోవాలా అని పెద్ద సారు బెంగ. "మేడ మీద కుర్చీ వదులుకుని కిందికి వెళ్ళడానికి ఒక్కరు, కనీసం ఒక్కరు ముందుకొస్తారా?" అని ఆయన అడుగుతుండగా, కిటికీ పక్కన చెయ్యి లేచింది. సోమవారంనుంచి ధ్యానంగారి సీటు కింద అని ఆర్డరు టైపయింది.

ఆ సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చుని జరిగింది భార్యకి చెప్పారు.

"అసలు చెయ్యెందుకెత్తారండీ?" అంది భార్య.

"వెలుతురు కోసం."

"వెలుతురు కోసం చెయ్యెత్తితే తీసుకెళ్ళి నేలమాళిగలో పడేశారా?"

"అంతే అయింది."

"పొరపాటైందని చెప్పి తగలడచ్చు కదా!"

"ఆ భవనంలో ఏం చెప్పాలన్నా ముందు చెయ్యెత్తాలే. ఎత్తితే ఇంకోటి అంటగడుతున్నారు."

కిటికీ పోతుందంటే ఆయనకి నిజంగానే ఏడుపొస్తోంది. ఇరవై రెండేళ్ళు ఊళ్ళో ప్రతి ఇంటి మెట్లూ ఎక్కి దిగిన మనిషి, రంగు పూసిన ఆకాశం ఎదుట కూర్చుని ఏ వీధికి వెళ్ళగలడు? టీచరమ్మ కొళాయి ఇంకా మూలుగుతూనే ఉంది. మూడు రోజుల్లో ఆయన మూడో అంతస్తు చేరనే లేదు.

శుక్రవారం సభ ఆ కింది అంతస్తులోనే పెట్టారు. ధ్యానంగారు కాక నూటపద్దెనిమిది మంది ఉద్యోగులు రంగురంగుల మబ్బుల కింద వరుసలుగా కూర్చున్నారు. ఆర్కిటెక్టు సన్నగా, పొడుగ్గా, తన భవనంలో తనే మొదటిసారి అడుగుపెట్టినవాడిలా వింతగా అటూ ఇటూ చూస్తున్నాడు. స్టెనో వేదిక కింద తల వంచుకుని మినిట్స్ రాసుకుంటోంది. పెద్ద సారు ముందుగా ముప్పావుగంట మాట్లాడారు. ఆయన ఉపన్యాసమంటే జనం ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటారు. చివరికి, "తనంతట తానుగా ఈ అంతస్తును కోరుకున్న ధ్యానంగారు ఇప్పుడు తన మనసు విప్పుతారు" అన్నారు.

ధ్యానంగారు మైకు ముందుకొచ్చారు. ఒక్క మాట దొరికినా చాలు అనుకుంటూ, అలవాటు కొద్దీ కళ్ళజోడు తీసి కళ్ళు మూసుకున్నారు. మాటల కోసం బయలుదేరిన మనసు, దారి తప్పి టీచరమ్మ గేటు దగ్గర తేలింది. ఇక ఆయనకి సభ లేదు, సన్మానం లేదు. మెట్లు చల్లగా ఉన్నాయి. మొదటి అంతస్తులో ఎవరో కిటికీ రెక్క తీశారు. రెండో అంతస్తు మలుపు వచ్చింది, దాటిపోయింది కూడా. ఎవరూ కేకెయ్యలేదు. తంబురా శ్రుతి సన్నగా వినపడుతోంది. మూడో అంతస్తు తలుపు తీసే ఉంది.

సభ నిశ్శబ్దమైపోయింది. పాపం, ఆనందంతో మాట రావడం లేదనుకుని పెద్ద సారు తల వంచుకున్నారు. పెద్ద సారే తల వంచుకున్నాక కదిలే ధైర్యం ఎవరికుంటుంది? అలా బొమ్మల్లా కూర్చుని కూర్చుని ఎంతసేపయిందో తెలియదు. పెద్ద సారు గద్గద స్వరంతో, "ఈయన వెంట ఈ అంతస్తుకి రావడానికి మీలో ఎంతమంది సిద్ధం?" అన్నారు. అనడం, లైట్లు ఆరిపోవడం ఒక్కసారే జరిగాయి.

నేలకింది చీకటి, కాటుక చీకటి. రెండు వారాలుగా ఆ భవనం అందరికీ నేర్పిన చదువు ఒకటే. నూటపద్దెనిమిది చేతులు ఒక్క ఊపున పైకి లేచాయి. మైకు పక్కన నిలబడ్డ పెద్ద సారు చెయ్యి కూడా లేచింది. లైట్లు భళ్ళున వెలిగాయి. ఫొటోగ్రాఫరు టక్కున ఫొటో తీశాడు.

చెయ్యి దింపుదామని ప్రతివాళ్ళూ అనుకున్నారు. కానీ పక్కవాళ్ళ చెయ్యి లేచే ఉంది. వీడికి నిజంగానే ఇష్టం కాబోలు, నేనొక్కణ్ణే దింపితే ఏం బాగుంటుంది అని ఎవరికి వారు అలాగే ఉండిపోయారు. ఆర్కిటెక్టు కళ్ళు చెమర్చాయి. "ముప్పై ఏళ్ళుగా కడుతున్నాను సార్, నా గోడల్ని ఇంతమంది ఇష్టపడటం ఇదే మొదటిసారి" అన్నాడు.

స్టెనో లెక్కపెట్టి పైకి చదివింది. "నూటపద్దెనిమిది మంది సమ్మతించారు, పెద్ద సారుతో కలిపితే నూటపంతొమ్మిది. ఒక్కరు మాత్రం చెయ్యెత్తలేదు."

అందరూ ఆ ఒక్కరి వైపు తిరిగారు. ఆ ఒక్కరూ అప్పుడే కళ్ళు తెరిచి, "అర్థమైంది!" అన్నారు మైకులో, వెలిగిపోతున్న ముఖంతో. మూడో అంతస్తు వంటింటి వెనక వాల్వు వదులైంది. దాని మూలుగే అది.

"అర్థమైతే మరి చెయ్యెందుకు ఎత్తలేదండీ? ముందు ఒప్పుకున్నది మీరే కదా!" అన్నారు పెద్ద సారు.

"లైట్లు ఆరిపోయాయాండీ? నాకు చీకటే కనపడలేదు."

"విన్నారా? నా అంతస్తులో ఆయనకి చీకటే కనపడలేదట!" అన్నాడు ఆర్కిటెక్టు పెద్ద సారు చెయ్యి పట్టుకుని. "మీకింకా తెలియలేదా సార్? ఇంతమంది ఆశపడుతున్నారని చూసి తన చోటు తనే వదిలేసుకున్నారు. చెయ్యి కావాలనే ఎత్తలేదు."

పెద్ద సారు రెండో చేత్తో ధ్యానంగారి భుజం తట్టారు. ఉత్తరాలు తెచ్చే జనం కోసం మేడ మీద ఎలాగూ ఒకరుండాలి. త్యాగం చేసినవాడే ఆ కష్టం కూడా పడాలని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. ధ్యానంగారు ఏదో చెప్పబోయి, ఈ భవనంలో చెప్పబోయినప్పుడల్లా ఏం జరిగిందో గుర్తొచ్చి, బుద్ధిగా తలూపారు.

సోమవారం ఉదయం అంత పెద్ద హాల్లో ఆయనొక్కరే ఉన్నారు. లైట్లు ఆరిపోయి ఎంతసేపయిందో ఆయన పట్టించుకోలేదు. నీలం అద్దం అవతల కొంగ కాలు మార్చుకుంది. టీచరమ్మకి జవాబు ఒక్క కొట్టివేత లేకుండా పూర్తయింది. స్టెనో కేక లేక చెవులు కాస్త బోసిపోయిన మాట నిజమే కానీ, ఇంత సుఖం ఆయన కలలో కూడా ఎరగరు.

గురువారం టపాలో ఒక లావుపాటి ఫిర్యాదు వచ్చింది. "మాకు ఇచ్చిన కిటికీలు తెరుచుకోవడం లేదు" అని ఒకటే వాక్యం, దాని కింద పెద్ద సారు మొదలుకుని నూటపంతొమ్మిది సంతకాలు. ఫిర్యాదు ఎవరిదైనా జవాబు రాసే సీటు ఒకటే కనుక ధ్యానంగారు దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టారు.

సభ అయ్యాక ఆయన ఆ కింది అంతస్తుకి ఉద్యోగరీత్యా వెళ్ళింది ఆ ఒక్కసారే, అదీ కళ్ళు మూసుకునే.