చిక్కుడు మొక్కకు వెలుతురు మంజూరు చేయు విషయమై

విశ్వంలో అన్నిటికన్నా వేగంగా ప్రయాణించేది వెలుతురు. మా ఆఫీసు కిటికీ దాటాక అది కూడా ఫైలు వెంట నడవాల్సిందే.

ఆరో తరగతి చదివే మా అమ్మాయికి బడిలో ఒక చిక్కుడు మొక్క ఇచ్చారు. నెల రోజులు బతికించి, ఆకు వెలుతురును ఏం చేసుకుంటుందో రాసుకెళ్ళాలి. మా ఇంట్లో ఎండ పడదు. "నా బల్ల పక్కనే ఇంత కిటికీ ఉంది, నాకొదిలెయ్" అని గొప్పగా కుండీ చంకన పెట్టుకుని వచ్చాను.

కిటికీ గట్టు వాడుకోవడానికి అనుమతి కావాలి. ఆ నియమం పెట్టింది నేనే (పదకొండేళ్ళ క్రితం, ఎవరో అక్కడ టిఫిన్ డబ్బా పెట్టారన్న కడుపుమంటతో). దరఖాస్తు రాశాను. అది నా బల్లకే వచ్చింది. జతపరచవలసిన కాగితాలు లేవని తిప్పి పంపాను. సొంతవాళ్ళకి చేసుకున్నాడన్న మాట రాకూడదు కదా! అనుమతి వచ్చేదాకా కుండీని బీరువా వెనక ఉంచాను. అక్కణ్ణించి గట్టుకి మూడడుగులు.

రెండోసారి దరఖాస్తు కిటికీ గట్ల పర్యవేక్షకుడి దాకా వెళ్ళింది.

"మొక్క ఎత్తెంతండీ?"

"జానెడు సార్."

"మంజూరయ్యేలోపు పెరిగితే? పెరిగిన ఎత్తుకి మళ్ళీ అనుమతి తీసుకోవాలి కదా?"

అంత చక్కటి అభ్యంతరం నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి పుస్తకం పట్టుకొచ్చింది. "నాన్నా, ఆకులో కూడా ఆఫీసు ఉంటుంది తెలుసా? వందల పత్రహరితం అణువులు. వెలుతురు దేని మీద పడినా పక్కదానికి, అది ఇంకోదానికి అందిస్తూ కేంద్రానికి చేర్చేస్తాయి. రెప్పపాటులో వెయ్యోవంతు కూడా పట్టదట. ఎక్కువైంది వేడిగా వదిలేస్తాయి."

"సంతకాలు?"

"ఉండవు."

"మరి ఎవరెప్పుడు అందుకున్నారో తెలిసేదెలా?"

పిల్ల నా వైపు జాలిగా చూసింది. (మా దగ్గరా పని అరుపుల వేడిగానే బయటికి పోతుంది, నేను దాన్ని క్రమశిక్షణ అంటాను.)

"మొక్క బాగుందా నాన్నా?"

"పరిశీలనలో ఉంది" అన్నాను.

ఇరవై ఏడో రోజున ఉత్తర్వు వచ్చింది: రోజుకు మూడు గంటల వెలుతురు మంజూరు. బీరువా వెనక్కి వెళ్ళి చూస్తే మొక్క పాలిపోయి, వాలిపోయి ఉంది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

మా అమ్మాయి ఏడవలేదు. నివేదిక రాసి నా ముందు పెట్టింది. 'మొక్క చనిపోవడానికి కారణం' అన్నచోట గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "కిటికీలోంచి వెలుతురు బాగానే వచ్చింది. మధ్యలో మా నాన్న ఉన్నారు."

కింద తండ్రి సంతకానికి చోటుంది. నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి, కాగితం అందిన రోజునే సంతకం పెట్టాను.